కట్ట బీడీల గుట్ట

మా ఊరి గుట్టను నేను ఒక కట్ట బీడీల్లో ఎక్కేవాణ్ణి.

ఈ మాట విని మెట్‌పల్లి నుంచి కరీంనగర్ దాకా నోరెళ్లబెట్టిన వాళ్లున్నారు. మీరు వెళ్లబెట్టకపోతే తప్పు మీది కాదు, మీ చేతికున్న గడియారానిది. కట్ట అంటే ఇరవై అయిదు బీడీలు. చేయి తిరిగిన ఆడమనిషి గుట్ట కింద కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి చాటలో వేస్తూ ఉంటే, ఆ ఇరవై అయిదూ పూర్తయ్యేలోపు నేను గుట్ట కొనకు చేరేవాణ్ణి. నిలువు గుట్ట అది. మేకలు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుని ఎక్కే గుట్ట.

మా వాడలో కాలాన్ని బీడీలతోనే కొలిచేవారు. పప్పు ఉడకడానికి కట్టన్నర. బిందె పట్టుకుని బావి దాకా వెళ్లి రావడానికి అర కట్ట, దారిలో ఎవరైనా కలిస్తే మూడు. మా మేనత్త అలిగితే తీరడానికి పది కట్టలకు తక్కువ పట్టేది కాదు. ఊళ్లో గడియారం లేక కాదు. బీడీల ఠేకేదారు దుకాణంలో గోడకు ఒకటి ఉండేది. ఆకు తూచి ఇవ్వాల్సిన వేళ అది నిద్రపోయేది. చుట్టిన బీడీలు తెచ్చి అప్పజెప్పే వేళకు లేచి పరుగెత్తేది. "టైమైంది, రేపు రాండ్రి" అనడానికి తప్ప దానితో ఎవరికీ పని పడలేదు. గడియారం ఎవరి గోడకు ఉంటే కాలం వాళ్ల మాటే వింటుందని మా ఆడవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు. అందుకే తమ కాలాన్ని తమ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నారు.

నేను దర్జీని. మా బాపు కూడా దర్జీయే. గుట్ట మీద ఒక దర్గా ఉంది. ఏటేటా ఉర్సు పండుగకు అక్కడ ఆకుపచ్చ జెండా ఎక్కాలి. ఆ జెండా కుట్టే ఇల్లు మాది. కుట్టిన ఇంటివాడే దాన్ని మోసుకుపోయి పైన కట్టాలన్నది ఆనవాయితీ. హిందూ దర్జీలు దర్గా జెండా మోయడం ఏమిటని ఈమధ్య ఒకాయన నన్ను నిలదీశాడు. వేములవాడ రాజన్న గుళ్లోనే దర్గా ఉన్న జిల్లా మాది నాయనా, నువ్వు ఏ దేశం నుంచి దిగావు అన్నాను. కరీంనగర్ నుంచే అన్నాడు. సొంత జిల్లాలో పరాయిగా బతకడం కూడా ఒక విద్యే, అందరికీ పట్టుబడదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు మా బాపు ఆకుపచ్చ గుడ్డ ముట్టుకోవడానికే జంకాడు. గుడ్డలో తప్పేమీ లేదు, రోజులు అలాంటివి. నిన్నటిదాకా షేర్వానీలు కుట్టించుకున్న పెద్దమనుషులే వరుసకట్టి ఖద్దరు జుబ్బాలకు కొలతలివ్వడానికి వచ్చారు. కొలతలు మళ్లీ తీయక్కరలేకపోయింది. మెడ అదే, ఛాతీ అదే, కడుపు అదే. గుడ్డ ఒక్కటే మారింది. ఆ ఏడే మోకాళ్ల నొప్పులని చెప్పి బాపు జెండా కర్ర నా చేతికిచ్చాడు. అది నొప్పో భయమో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. నాకు అప్పుడు ఇరవై ఏళ్లు. రెండూ లేవు.

జెండాకు రెండు కట్టుబాట్లున్నాయి. దారిలో అది నేలకు తగలకూడదు. మోసేవాడు దారిలో కూర్చోకూడదు. నడుమ గుట్టలో మనిషి చతికిలబడితే ఊరికి అరిష్టమని నమ్మకం. అందుకని ఉర్సుకు వారం ముందు ఒక పరీక్ష పెట్టేవారు. గుడ్డ లేని ఉత్త కర్రతో గుట్ట ఎక్కాలి. మనం కాలు కదపగానే కింద మన ఇంటి ఆడమనిషి బీడీలు చుట్టడం మొదలుపెడుతుంది. పైన ముజావర్, అంటే దర్గాను చూసుకునే ముసలాయన, మనం గడప ముట్టగానే నగారా కొడతాడు. ఆ చప్పుడు వినబడగానే కింద చేయి ఆగాలి. అప్పుడు పెద్దమనుషులు చాటలోని బీడీలు లెక్కపెడతారు.

ఇందులో ఇంకొకరితో పోటీ లేదు. నిరుటి నా లెక్కతో ఈయేటి నాకు పోటీ. నిరుటికంటే ఒక కట్టకు మించి ఎక్కువైతే జెండా చేయి మారుతుంది. తక్కువైతే శభాష్ అంటారు. ఒకడి మీదికి ఒకణ్ణి ఉసిగొల్పితే తలలు పగులుతాయని, ఎవడి మీదికి వాణ్ణే ఉసిగొల్పి వదిలిన పెద్దలు వాళ్లు. ఇంత పకడ్బందీ కట్టుబాటు చుట్టుపక్కల ఏ తాలూకాలోనూ లేదని మేమంతా మురిసిపోయేవాళ్లం.

ఆ జెండా నాకు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. దర్జీని ఎవరూ ముఖం ఎత్తి చూడరు. వచ్చినవాళ్లు కాలరు చూస్తారు, చంక చూస్తారు, కుట్టు ఎక్కడ వంకరపోయిందో వెతికి వెతికి చూస్తారు. ఉర్సు నాడు మాత్రం ఊరు ఊరంతా మెడలు వెనక్కి వాల్చి గుట్ట మీదున్న నన్ను చూసేది. ఏడాదికి ఒక్క పూట. ఆ పూట కోసం నేను మిగతా ఏడాదంతా చంకలు కుట్టడానికి సిద్ధపడ్డాను.

మొదటి ఏడు కింద మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, చుట్టింది. రెండున్నర కట్టలు. ఆ లెక్క ఇంట్లో చాలాకాలం దేవుడి పటంలా నిలిచింది.

మరుసటేడు నాకు పెళ్లయింది. పిల్లది జగిత్యాల వైపు. పుట్టింట్లోనే చాట పట్టి పెరిగిన మనిషి. ఆమె చుడుతుంటే బీడీలు తమంతట తాము చాటలోకి దూకుతున్నాయా అనిపించేది. కొత్త కోడలని, శుభమని, ఆ ఏడు పరీక్షకు మా అవ్వ ఆమెనే కూర్చోబెట్టింది. నేను ఎప్పటిలాగే ఎక్కాను. కాదు, కొత్త పెళ్లాం చూస్తోందని ఎప్పటికంటే గట్టిగానే ఎక్కాను. నగారా మోగింది. ఛాతీ విరుచుకుని కిందికి దిగాను. లెక్క మూడున్నర కట్టలు.

సరిగ్గా అంచు మీద బతికిపోయాను. ఇంకొక్క బీడీ ఎక్కువైతే జెండా పోయేదే. పెద్దమనుషుల్లో ఒకాయన, మా వాడ పటేలు, మీసం కింద నవ్వాడు.

"పెండ్లయితె కాళ్లకు గుండు కట్టినట్టే ఉంటది బిడ్డా. ఫికర్ జేయకు. మా అందరికి గట్లనే అయింది."

నేను ఇంటికొచ్చి మూడు రోజులు మిషను ముట్టలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టాను. చెప్పులు తప్పన్నాను, వెదురు కర్రలో చెమ్మ ఉందన్నాను, ఆ ఏడు గుట్ట కాస్త పెరిగిందేమోనని కూడా అన్నాను. నా భార్య అన్నీ విని అడిగింది.

"చెప్పులది తప్పు గాదు, కర్రది తప్పు గాదు. మరి ఎవలది?"

"గాలిది," అన్నాను.

"గాలి మా దిక్కు గుడ వీచింది. నా బీడీ ఒక్కటి ఎగిరిపోలే."

అలా నవ్వులపాలైన ఏడాది తర్వాత అద్భుతం జరిగింది. మూడు కట్టలకు దిగింది నా లెక్క. ఆ పైయేడు రెండున్నర. ఒక ఏడు వదిలి ఇంకో ఏడు రెండుకు. మనుషులు ఏడాదికేడాది ముసలివాళ్లవుతుంటే నేను ఏడాదికేడాది కుర్రాణ్ణవుతున్నాను. పటేలే స్వయంగా వచ్చి వీపు తట్టి, ఏం తింటున్నావని అడిగాడు.

అడిగితే చెప్పకుండా ఉండగలనా? హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని నేను చేసిన బోధలు తలచుకుంటే ఇప్పుడు చెవులు ఎర్రబడతాయి. మిషను తొక్కి తొక్కి పిక్కల్లో బలం నిలవ ఉంటుందన్నాను. ఎక్కేటప్పుడు కుడికాలితో మొదలుపెట్టి ఎడమకాలితో ముగించాలన్నాను. బస్ కండక్టరు ఒకడు నిజంగానే కాగితం తీసి రాసుకోబోయాడు.

"ఊపిరి ముక్కుల నుంచి గుంజి మోకాళ్లల్ల ఆపాలె. గప్పుడు గుట్టే నిన్ను మీదికి నూకుతది," అన్నాను వాడితో.

"మోకాళ్లల్ల ఎట్ల ఆపుతరన్నా?"

"అది జెప్పితె వచ్చేది గాదు. పుట్టుకతోని రావాలె."

వాడు బస్సు ఎక్కేటప్పుడు కూడా ఊపిరి బిగబట్టి ఎక్కడం నేను చూశాను. పాపం, టికెట్లు కొట్టేటప్పుడు గొంతు రాక తంటాలు పడ్డాడని విన్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత తాలూకా ఆఫీసుకు కోస్తా నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. ప్యాంటు కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలు ఇస్తూ, "గుట్ట ఎక్కడంలో మీకు చాలా పేరటగా మాస్టారూ!" అన్నాడు. నా జన్మలో నన్ను మాస్టారూ అన్న మొదటి మనిషి. అంతటి మర్యాదకు బదులుగా ఏదో ఒకటి ఇవ్వాలి కదా. "ఒక కట్టలో ఎక్కుతానండీ" అన్నాను. మీరు మొదటి వాక్యంలో చదివిన కట్ట అక్కడ, ఆ ప్యాంటు దగ్గర పుట్టింది. నా చరిత్రలో ఎన్నడూ ఒక కట్ట లేదు. నా లెక్కలన్నిటిలోకీ తక్కువది కట్టన్నర. అది కూడా ఎలాంటి కట్టన్నరో ముందు ముందు తెలుస్తుంది.

ఒకసారి నోట్లోంచి వచ్చిన మాట ఊరుకోదు. గుమాస్తా దాన్ని ఆఫీసులో చెప్పాడు, ఆఫీసు సంతలో చెప్పింది, సంత నాకే తెచ్చి చెప్పింది. మెట్‌పల్లి సంతలో పసుపు కొనడానికొచ్చిన బేరగాడొకడు, నేనెవరో తెలియక, ఒక కట్టలో గుట్ట ఎక్కే దర్జీ గురించి నాకే వర్ణించాడు. ఆ దర్జీ ఆరడుగుల మనిషట. నేను సరిదిద్దలేదు. అన్నీ మనమే చెప్పుకుంటే బాగుండదు.

ఈలోగా నా నడుముకు నా కొలత టేపు చాలకుండా వచ్చింది. నా లాగులు నేనే కుట్టుకునేవాణ్ణి కాబట్టి ఆ రహస్యం బయటికి పొక్కలేదనుకున్నాను. కడుపు ఏటేటా ముందుకు వస్తోంది, లెక్క ఏటేటా కిందికి దిగుతోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే బుద్ధి ఊళ్లో ఎవరికీ పుట్టలేదు. నాకు పుట్టే అవకాశమే లేదు.

పుట్టింది మా బామ్మర్దికి. నా భార్య తమ్ముడు. ఆదిలాబాద్ జిల్లాలో బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. అక్కణ్నుంచి నాలుగు రకాల మాటలు, ఒక దగ్గు పట్టుకుని ఏటా ఉర్సుకు వచ్చేవాడు. ఆ ఏడు సెలవు ఎక్కువ దొరికిందని పరీక్షకు పదిహేను రోజుల ముందే దిగాడు. దిగినవాడు చెప్పులు విడవకముందే నా కడుపు చూశాడు.

"బావా, దర్గకు నీ కడుపు మొదలు చేరుతది, నువ్వు ఎనుక చేరుతవు. నగారా దేనికి గొడుతుండ్రు?"

"బాయిల దిగేటోనికి గుట్ట ముచ్చటెందుకురా? నీది కిందికి పోయే కొలువు. నాది మీదికి పోయే కొలువు."

"మీదికి పోయేదానికి గంత జల్దేముంది బావా? నిమ్మలంగ పో. అక్క పిల్లలు ఇంక చిన్నగున్నరు."

నా భార్య ఆకు కత్తిరిస్తూ తల వంచుకుంది. నవ్వుతోందనుకున్నాను.

మరునాడే పటేలు మనిషిని పంపాడు. ఈసారి చుట్టేది మా ఇంటి మనిషి కాదు, ఎదురింటి ఖాలా అని కబురు. ఖాలా అంటే పిన్ని, ఈ ఖాలా ఊరికంతటికీ ఖాలాయే. నోట్లో పాను, చేతిలో ఆకు, రెండూ ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు. తెలుగు, ఉర్దూ కలిపి ఒకే ఊపిరిలో తిట్టగలదు. వాడలో ఆమె చేతికి మించిన చేయి లేదని ఠేకేదారు కూడా ఒప్పుకునేవాడు, ఠేకేదారు ఒప్పుకోవడమంటే మామూలు మాట కాదు.

ఇది నా మీద ఈర్ష్యతో పన్నిన పన్నాగమని నాకు వెంటనే అర్థమైంది. బామ్మర్ది పటేలు చెవి కొరికాడు. జెండా మీద వాడి కన్ను పడింది. పదిహేడేళ్లు మోసిన నన్ను దింపేసి, బొగ్గు మసి వదలని చేతులతో వాడు ఆ కర్ర పట్టుకుంటాడట! ఇంట్లో బామ్మర్ది ముందు, బయట ఊరి ముందు నేను తల దించుకోవాలట. సరే, చూద్దాం అనుకున్నాను. కట్టన్నర కాదు, నిజంగానే ఒక కట్టలో ఎక్కి వీళ్ల నోళ్లు మూయిస్తాను.

నిరుటి లెక్కను దాటాలని అప్పటికే నెల రోజులుగా నేను తెల్లవారకముందే లేచి, చెరువు దిక్కు వెళ్తున్నట్టు చెంబు పట్టుకుని, గుట్ట దగ్గరికి పోయేవాణ్ణి. చెంబు ఒక పొదలో దాచి ఎక్కేవాణ్ణి. నడుమలో ఒంటె మూపులాంటి పెద్ద బండ ఉంది. అక్కడ రోజూ కాసేపు ఆగి, కింద పరుచుకున్న పసుపు చేలను చూసేవాణ్ణి. అబ్బ, ఎంత అందంగా ఉండేవని.

పసుపు చేలు అబద్ధం. ఆ బండ వెనక నేను ఆకాశం చూస్తూ వెల్లకిలా పడి ఉండేవాణ్ణి. బామ్మర్ది దిగకముందే ఒకరోజు ఎడమచేయి తిమ్మిరెక్కి, గుండె మీద ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టినట్టయింది. బొగ్గులు నిండుగా ఉన్న ఇస్త్రీపెట్టె. లేవడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు, అక్కడ బీడీలు చుట్టేవాళ్లెవరూ లేరు. ఇంటికొచ్చి, రాత్రి తిన్న వంకాయ పడలేదని చెప్పాను. నా భార్య ఆ తర్వాత ఉర్సు దాకా వంకాయ వండలేదు.

పరీక్ష రోజు వచ్చింది. గుట్ట కింద పెద్దమనుషులు వరుసగా కూర్చున్నారు. మా బామ్మర్ది చేతులు కట్టుకుని వేపపుల్ల నములుతున్నాడు. ఖాలా గోనెపట్టా పరుచుకుని, చాట సర్దుకుని, వేళ్లు విరుచుకుంది. నా భార్య కొంచెం ఎడంగా, కొంగు తల మీదికి లాక్కుని నిలబడింది.

"బిస్మిల్లా. ఉరుకు దర్జీ!" అంది ఖాలా.

ఉరికాను. మొదటి మలుపు దాకా ఆమె గొంతు నా వెంటే వచ్చింది. "యే క్యా ఆకు ఇచ్చిండు ఠేకేదారు, ఆకా జల్లెడా? ఒక్క ఆకు సక్కగ లేదు. చూడుండ్రి, చూడుండ్రి!" ఆకు బాగాలేదు, చేయి ఆగుతుంది, నా పంట పండింది అనుకున్నాను. ఆమె ఆకును తిట్టేటప్పుడు చేయి ఇంకా వేగంగా ఆడుతుందని ఆ వాడలో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

సగం దాకా బాగానే పోయాను. పావు దాకా. సరే, మొదటి మలుపు దాకా బాగానే పోయాను. తర్వాత కర్ర రెండు బండల సందులో ఇరుక్కుంది. లాగితే అది రాలేదు, నేను వెనక్కి వచ్చాను. ఒంటె బండ చేరేసరికి చెమట కళ్లలోకి కారి గుట్ట రెండుగా కనిపించింది. ఒకటి ఎక్కడానికే దిక్కులేదు. కూర్చోకూడదు కాబట్టి బండకు చేరగిలబడ్డాను. చేరగిలబడటం కూర్చోవడం కాదు, దీని మీద ఎవరితోనైనా వాదిస్తాను. గుండె మీద ఇస్త్రీపెట్టె మళ్లీ వచ్చి కూర్చుంది. దానికి ఏ కట్టుబాటూ లేదు.

ఎలా చేరానో చేరాను. ముజావర్ కంబళి కప్పుకుని గడప పక్కన ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఆవో బేటా. పానీ తాగుతవా?"

"నగారా... నగారా కొట్టు తాతా."

"కొడత కొడత. జర నీ మొఖం చూడనీ. బాగున్నవా?"

నేను గడప ముట్టి కూడా అలా నిలబడే ఉన్నాను. నగారా పుల్ల దొరక్క ఆయన వెతుకుతూ ఉండిపోయాడని, ఆ వెతుకులాటలోనే కింద ఒక కట్ట అదనంగా అయిపోయిందని తర్వాత చాలామందికి చెప్పాను. పుల్ల ఆయన చేతిలోనే ఉంది. నన్ను ఒక్కసారి ఎగాదిగా చూసి, వెంటనే కొట్టాడు.

దిగేటప్పుడు కింద ఎవరూ కేకలు వేయలేదు. అది మంచి శకునం కాదు. పెద్దమనుషులు గుట్టను తప్ప అన్నిటినీ చూస్తున్నారు. ఖాలా చాట ముందు నాలుగు కట్టలు నిలబెట్టి ఉన్నాయి, దారం కట్టి మరీ. ఐదోది చాటలో సగం దాకా ఉంది.

"నడుమ పాను గుడ చేసుకున్న బేటా," అంది ఖాలా. "సున్నం తక్కువైంది, ఇంటికి పోయి తెచ్చుకుందామనుకున్న. నువ్వు ఏడ పండుకున్నవు?"

"ఇయ్యాల నీ చేయి మస్తు జోరుగుంది ఖాలా."

"నా చేయికేమైంది? నలబై ఏండ్ల సంది గిదే చేయి. నువ్వు నీ కాలు ముచ్చట చెప్పు."

పటేలు గొంతు సవరించుకున్నాడు. నిరుడు కట్టన్నర, ఈయేడు నాలుగున్నర. ఏడాదిలో ఏ మనిషీ అంత పడిపోడు, ఎద్దు కూడా పడిపోదు. ఆయన నా వైపు చూశాడు, నా భార్య వైపు చూశాడు, మళ్లీ నా కడుపు వైపు చూశాడు. ఏదో అనబోయి, మర్యాదస్తుడు కాబట్టి మానుకున్నాడు. బామ్మర్ది కూడా ఇంటివాడి కిందే లెక్కని మావాణ్ణి పిలిచి కర్ర ఇచ్చాడు. వాడు దగ్గుకుంటూ వెళ్లాడు, దగ్గుకుంటూ ఎక్కాడు. వాడి దగ్గు ఎంత దూరం పోయిందో దాన్నిబట్టే ఎక్కడున్నాడో కింద తెలిసిపోతోంది. ఖాలా రెండు కట్టలు దాటి మూడోది సగానికి రాకముందే నగారా మోగింది.

"బొగ్గు తిన్నోడే నయం," అన్నారెవరో. ఎవరన్నారో నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ ఏడు జెండా నేనే కుట్టాను. కుట్టకుండా ఉండటానికి కారణం వెతికాను, దొరకలేదు. ఉర్సు నాడు ఊరంతా మెడలు వాల్చి మా బామ్మర్దిని చూసింది. నా పక్కన నిలబడ్డ ముసలామె ఒకతె నన్ను పొడిచి, "జెండ అంచు ఆ మూలకు జర వంకర వోయింది గదా దర్జీ?" అంది. వంకర పోయింది నిజమే. కళ్లలో నీళ్లు పెట్టుకుని కుట్టిన అంచు అది. కాదు, కోపంతో కుట్టిన అంచు. నీళ్లనేది ఇప్పుడు రాస్తుంటే వచ్చింది.

పరీక్ష అయిన రోజు మధ్యాహ్నం నేను కూర్చుని లెక్కలు వేసుకున్నాను. ఖాలా చేతి ముందు నాలుగున్నర, నా భార్య చేతి ముందు కట్టన్నర. నేను అదే మనిషిని, గుట్ట అదే గుట్ట. అప్పుడు నా బుర్రకు వెలిగింది. నేను ఏటేటా కుర్రాణ్ణి కాలేదు, నా గడియారం ముసలిదైంది! మూడు కాన్పులు, ఇరవై ఏళ్ల తంబాకు ధూళి, మసకబారుతున్న చూపు. పాపం, ఆమె వేళ్లు మొద్దుబారిపోయాయి. నాకు తెలియకుండా, తనకే తెలియకుండా.

నేను గొప్ప మనసున్నవాణ్ణి. ఆమె పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను.

"నీ తప్పేం లేదు. వయసు మీద పడ్డది. చేతులు ఎవలకైనా సల్లవడ్తయి. నేనేం అననులే."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తల ఇంకా కిందికి వంచుకుంది, భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని తల నిమిరాను. భార్య చేతులు సన్నగిల్లితే జెండానే పోగొట్టుకుని, ఆమెను పల్లెత్తు మాట అనని మగవాడిగా నేను ఆ తర్వాత ఎన్ని పెళ్లిళ్లలో, ఎన్ని పందిళ్ల కింద ఈ కథ చెప్పానో లెక్కలేదు. విన్న ఆడవాళ్లు తమ మొగుళ్ల వైపు కొరకొర చూసేవారు. జెండా పోయినా ఆ చూపులతో కొంత తిరిగొచ్చింది.

ఇక్కడిదాకా రాసి, మొన్న పొద్దున నా భార్యకు చదివి వినిపించాను. ఆమె గోరుచిక్కుడు తుంచుతోంది. ఖాలా గడుసుతనం దగ్గర నవ్వింది, బామ్మర్ది దగ్గు దగ్గర నిట్టూర్చింది. నేను తల నిమిరిన చోట చేయి ఆపింది.

"గిదేనా నువ్వు రాసింది?"

"ఇదే. ఎట్లుంది?"

"నా చేతులకు ఏం రోగమచ్చింది? గా ఏడు గుడ ఖాలా కంటె ముంగటనే చుడుతుంటి. అడుగుదామంటె ఖాలా లేదాయె. నువ్వు ఓడినవంటె మూడొద్దులు మిషను ముట్టవు. అన్నం కాడ అలుగుతవు. పెండ్లోళ్ల రైకలు గట్లనే పడి ఉంటయి, వాళ్లు అచ్చి నన్ను అడుగుతరు. గందుకే సల్లగ చుట్టిన. గెలిస్తె సప్పుడు జేయక కుట్టుకుంటడనుకున్న. నువ్వు గెలిచి ఇంకింత ఉరుకవడ్తివి. నేను ఇంకింత సల్లగ చుట్టిన. ఎంతని సల్లగ చుడుదు? ఒక్కో బీడీని ఎత్తుకోని జోకొట్టుకుంట కూసుందునా?"

"మరి గా దినం ఏడ్చినవు గదా?"

"ఎవలు ఏడ్చిండ్రు? నవ్వు ఆపుకోలేక సచ్చిన."

"సరే. ఖాలాను వెట్టింది మాత్రం నీ తమ్ముడే. పటేలు చెవుల ఊదిండు."

ఆమె గోరుచిక్కుడు గిన్నె పక్కకు జరిపింది.

"మా తమ్మునికి ఏం ఎర్కలే, వానికి జెండ మీద సోకు లేకుండె. పటేలింటికి పోయి, నేను చుట్టింది నమ్మకుండ్రి, ఖాలాను కూసోవెట్టుండ్రని కాళ్లు మొక్కింది నేను. నేనే జోరుగ చుట్టి ఓడగొడితె జల్మంత నన్నే అంటవు. చెంబు వట్టుకోని ఏడికి పోతున్నవో చూద్దామని ఎనుక అచ్చిన. బండ ఎనుక ఎల్లెలకల వడి ఉన్నవు, పెదవులు నల్లగైనయి. వంకాయనట వంకాయ! జెండ కింద వడితె ఎవడో ఒకడు ఎత్తుకుంటడు. నువ్వు వడితె, గా కడుపుతోని, గుట్ట మీదికెల్లి నిన్ను ఎవడు మోసుకస్తడు?"